సహాయక కాంటాక్టరు: దాని యెన్నిక, దాని యమరిక

పెద్ద పనులు చేయు యంత్రములను లోకమంతయు చూచును. ఆ యంత్రములకు నడువుమనియు, నిలువుమనియు వార్త నందించు చిన్న పరికరములను చూచువారు మిక్కిలి తక్కువ. మా పాఠశాల బోర్డింగునకు నీరు తోడు మోటారు 10 అశ్వశక్తులది. దాని చప్పుడు ఆవరణమంతటను వినవచ్చును. దాని చెంతనున్న యినుప పెట్టెలో రెండు సహాయక కాంటాక్టరులు కలవు. ఒక్కొక్కటి ఆఱు అగ్గిపెట్టెలను కలిపి కట్టినంత మాత్రమే యుండును. మోటారునకు పోవు విద్యుత్ప్రవాహములో నొక్క ఆంపియరైనను వాని గుండ పోదు. అయినను మోటారు ఎప్పుడు కదలవలెనో, ఎప్పుడు కదలరాదో నిర్ణయించునవి యవియే. వానిని ఎన్నుకొనుట, అమర్చుట యనునవి కార్ఖానాల వైరుమానులకు మాత్రమే కావలసిన సంగతులని తలంపవలదు. బాలుర ప్రాణరక్షణకును వానికిని ఎంత సంబంధము గలదో మేము చూచితిమి గావున, తెలిసినంతవఱకు విద్యార్థులకును వారి తలిదండ్రులకును వివరింప దలచితిమి.

2024వ సంవత్సరపు వేసవి సెలవులకు ముందు బోర్డింగు కాపలాదారు మిద్దెమీది నీళ్లతొట్టిని కడుగుటకై యెక్కెను. తొట్టిలోని ఫ్లోట్ స్విచ్చి తీగను ప్రక్కకు తీయబోగా ఆయన చేయి జిల్లుమనెను. కాళ్లకు పొడి రబ్బరు చెప్పులుండుటచేత అపాయము తప్పినది. పరీక్షింపగా ఆ తీగపైతొడుగు ఎండకు పగిలియుండెను. దానిలో 230 వోల్టుల విద్యుత్తు ప్రవహించుచుండెను. పూర్వమెవరో మోటారు కాంటాక్టరు కాయిలును తిన్నగా ఫ్లోట్ స్విచ్చితోనే నడుపునట్లు కట్టియుండిరి. ఆ తొట్టినీటితోనే బాలురందఱును ప్రతిదినము స్నానము చేయుదురు. ప్రధానోపాధ్యాయులు ఆ క్షణముననే మెయిను తీయించిరి. ఆ తరువాత మూడు దినములు బాలురు బావినుండి బకెట్లతో నీరు మోసికొనిరి.

విజయవాడ ఆటోనగరులో ప్యానెలు బోర్డులు కట్టు మా పూర్వ విద్యార్థి యొకడు కబురందిన మఱునాడే వచ్చెను. పెట్టె తెఱచి చూచి, “మాస్టారూ, తొట్టికి పోవు తీగలో 230 వోల్టులు ఉండనే అక్కఱలేదు. 24 వోల్టులు చాలును. ఆ 24 వోల్టుల మాటను ఇక్కడ 230 వోల్టుల మాటగా మార్చి చెప్పుటకు ఒక సహాయక కాంటాక్టరు పెట్టుదము” అనెను. మేము ఆ మూడు దినములును అతని ప్రక్క నిలిచి ప్రశ్నలడుగుచు నేర్చికొంటిమి. తరగతిలో మాయెదుట కూర్చుండిన బాలునియొద్ద మరల శిష్యులమగుట ఉపాధ్యాయులకు సంతోషకరమైన సంగతి.

ఈ పరికరములోని సూత్రము క్రొత్తది కాదు. విలియం స్టర్జన్ అను ఆంగ్లేయుడు 1825లో విద్యుదయస్కాంతమును ప్రదర్శించెను. అమెరికాయందు జోసెఫ్ హెన్రీ 1835లో, దూరమునుండి వచ్చు బలహీన ప్రవాహముచే ఒక అయస్కాంతమును కదల్చి, దానిచే దగ్గఱనున్న బలమైన ప్రవాహమును ఆడించు ఉపాయమును చూపెను. దీనికి కలిగిన రిలే యను పేరు, అలసిన గుఱ్ఱములకు మాఱుగా దారిలో సిద్ధముగా నుంచు క్రొత్త గుఱ్ఱములనుబట్టి వచ్చినది. మన దేశమున పూర్వము తపాలాబంటు ఒక మజిలీవఱకు సంచి మోసి వేఱొక బంటున కందించుచుండెను గదా! సంచి యొకటియే, కాళ్లు వేఱు. ఇచ్చటను వార్త యొకటియే, విద్యుత్తు వేఱు.

మన భౌతికశాస్త్రపు గదిలోని విద్యుద్ఘంటను చూచినవారికి దీని లోపలి నిర్మాణము సులభముగా తెలియును. తీగచుట్టకు విద్యుత్తు అందగానే దాని మధ్యనున్న యినుము అయస్కాంతమై, ఎదుటి యినుప ముక్కను లాగును. ఆ ముక్కతోకూడ కాంటాక్టులు కదలును. విద్యుత్తు పోగానే స్ప్రింగు వానిని వెనుకకు త్రోయును. విశ్రాంతిలో విడియుండి, లాగినప్పుడు కలియు కాంటాక్టును ఎన్ఓ యనియు, విశ్రాంతిలో కలిసియుండి, లాగినప్పుడు విడిపోవు దానిని ఎన్‌సీ యనియు పనివారందురు. ఏసీ విద్యుత్తుతో నడుచు కాయిలులో మఱియొక చిక్కు కలదు. 50 ఆవృత్తుల ప్రవాహము సెకనునకు 100 మారులు శూన్యమగును. అప్పుడెల్ల అయస్కాంతము పట్టువిడువ జూచును. అది గడగడలాడకుండుటకై ఇనుపముఖముమీద రాగి ఉంగర మొకటి బిగింతురు. ఆ యుంగరము చిట్లినపుడు కాంటాక్టరు తుమ్మెదవలె రొదచేయును.

మోటారును నడుపు ప్రధాన కాంటాక్టరునకును సహాయక కాంటాక్టరునకును భేదమేమి? మొదటిదానికి మూడు ఫేజుల భారమును మోయు మూడు ప్రధాన కాంటాక్టులుండును. రెండవదానికి అట్టివి లేవు. ఉన్న కాంటాక్టులన్నియు వార్తలు మోయుటకే. కావుననే ప్రమాణ గ్రంథములు గూడ వేఱు. ప్రధాన కాంటాక్టరులకు ఐఈసీ 60947-4-1, సహాయక కాంటాక్టరులకు ఐఈసీ 60947-5-1 వర్తించును. మోటారు భారమునకు ఏసీ-3 అను తరగతి కలదు. కాంటాక్టరు కాయిలువంటి విద్యుదయస్కాంత భారమును ఆడించు వార్తా కాంటాక్టులకు, ఏసీ యైనచో ఏసీ-15, డీసీ యైనచో డీసీ-13 అను తరగతులు కలవు.

ఇక ఎన్నిక సంగతి. దుకాణమునకు పోవుటకు ముందు కాగితముమీద నాలుగు ప్రశ్నలకు బదులు వ్రాసికొనవలెనని మా శిష్యుడు చెప్పెను.

మొదటి ప్రశ్న: ఎన్ని కాంటాక్టులు, ఏ విధమైనవి? పరికరముమీద 40ఈ, 31ఈ, 22ఈ అని ముద్రించియుండును. మొదటి యంకె ఎన్ఓల సంఖ్య, రెండవది ఎన్‌సీల సంఖ్య. మా పెట్టెలోని రెంటికిని 31ఈ తీసికొంటిమి. ఒకదానికి అంతకంటె తక్కువయే చాలును గాని, రెండు నొకే విధమైనవైనచో సామానుగదిలో నొక్కటి దాచియుంచిన దేనికైనను పనికివచ్చును.

రెండవ ప్రశ్న: కాయిలునకు ఏ వోల్టేజి? తన వోల్టేజిలో నూటికి 85 మొదలు 110 వఱకు కాయిలు తప్పక లాగవలెనని ప్రమాణము. 24 వోల్టుల కాయిలునకు ఇది 20.4 మొదలు 26.4 వోల్టుల వఱకు. మిద్దెవఱకు తీగ 60 మీటర్లు. పోవుటకును వచ్చుటకును 120 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు కిలోమీటరునకు సుమారు 12 ఓములు. అనగా మాకు ఒకటిన్నర ఓము కంటె తక్కువ. 3 వాట్ల కాయిలు 24 వోల్టులవద్ద ఎనిమిదవ వంతు ఆంపియరు తీసికొనును. హెచ్చించి చూడగా దారిలో పోవునది వోల్టులో అయిదవ వంతైనను కాదు. ఈ లెక్కను పదవతరగతి బాలురే కట్టిరి. ఓము నియమము పరీక్షకొఱకు మాత్రమే కాదని ఆ దినమున వారికి తోచెనని మా నమ్మకము. సాయంకాలములందు మా యూర మెయిను వోల్టేజి తగ్గిపోవుట కలదు. 230 వోల్టుల కాయిలు 195 క్రిందికి పోయినచో లాగునో లాగదో యను సందిగ్ధములో కొట్టుకొనును. అట్లు కొట్టుకొనుటచే కాంటాక్టులు కాలి అతుకుకొనును. 24 వోల్టుల డీసీ నిచ్చు సప్లై 100 మొదలు 240 వోల్టుల వఱకు దేనినైనను పుచ్చుకొనునది గావున మా చిన్న కాంటాక్టరులు స్థిరముగా నుండును.

మూడవ ప్రశ్న: కాంటాక్టు ఏ భారమును ఆడింపవలెను? పరికరముమీద 10 ఆంపియర్లని పెద్ద యక్షరములతో నుండును. అది వేడెక్కక మోయగల ప్రవాహము మాత్రమే. కాయిలును ఆపునపుడు పుట్టు మెఱుపును తాళగల శక్తి ఏసీ-15 వరుసలో వేఱుగా వ్రాసియుండును. ఆ సంఖ్య 10 కంటె తక్కువ. చూడవలసినది దానినే. అతి పెద్ద భారమువలెనే అతి చిన్న భారముకూడ చిక్కే. కంప్యూటరువంటి నియంత్రణ యంత్రమునకు కొద్ది మిల్లీ ఆంపియర్ల సంకేతము నంపవలసినపుడు, కాంటాక్టుముఖముమీది సన్నని తుప్పే గోడయగును. అట్టిచోట ఎంత తక్కువ వోల్టేజి, ఎంత తక్కువ ప్రవాహము వఱకు నమ్మదగునో పట్టికలో చూచికొనవలెను.

నాలుగవ ప్రశ్నయే అన్నిటికంటె ముఖ్యము: ఇది చెప్పుమాట నిజమేనా? మా మోటారు స్టారు-డెల్టా పద్ధతిని బయలుదేరును. మొదట స్టారు కాంటాక్టరు లాగి, లైను ప్రవాహమును మూడవవంతునకు తగ్గించి మోటారును కదల్చును. పిమ్మట అది విడువగా డెల్టా కాంటాక్టరు లాగును. ఆ రెండు నొక్కమారుగా లాగియున్నచో మూడు ఫేజులును నేరుగా కలిసికొని పెట్టెలో పిడుగు పడినట్లగును. కావున స్టారు కాంటాక్టరుయొక్క ఎన్‌సీని డెల్టా కాయిలు దారిలోను, డెల్టా ఎన్‌సీని స్టారు కాయిలు దారిలోను ఉంతురు. ఒకటి పూర్తిగా విడిచితినని చెప్పనిదే రెండవది కదలదు. కాని ప్రధాన కాంటాక్టు కాలి అతుకుకొని విడువకున్నను, ఎన్‌సీ మాత్రము విడిచితినని చెప్పినచో? అట్టి యబద్ధమునకు చోటులేకుండ, ప్రధాన కాంటాక్టు అతుకుకొన్నంతకాలము ఎన్‌సీ కలియజాలని నిర్మాణము గలదు. దానిని దర్పణ కాంటాక్టు అనవచ్చును. సహాయక కాంటాక్టరులలోను, ఎన్ఓ అతుకుకొన్నచో ఎన్‌సీ కలియకుండునట్లు యాంత్రికముగా బంధింపబడినవి కలవు. ప్రాణాపాయమున్నచోట ఇట్టివియే కొనవలెను.

ఇచ్చట నొక సాధారణమైన పొరపాటును చెప్పవలసియున్నది. ప్రధాన కాంటాక్టరునకు కాంటాక్టులు చాలనపుడు కొందఱు దాని కాయిలునకు సమాంతరముగా ఒక సహాయక కాంటాక్టరును కట్టి, దాని కాంటాక్టుతో ‘మోటారు నడుచుచున్నది’ అను దీపమును వెలిగింతురు. ఆ దీపము చెప్పునది ఆజ్ఞ అందినదని మాత్రమే; కార్యము జరిగినదని కాదు. హాజరుపట్టీలో మేము పేరు పిలిచినంతమాత్రమున బాలుడు తరగతిలో నున్నట్లు కాదు. అతడు బదులు పలుకవలెను గదా! మా పెట్టెలో ఆ దీపమును ప్రధాన కాంటాక్టరుమీద బిగించిన సహాయక కాంటాక్టు దిమ్మెనుండియే వెలిగించిరి. అది కాంటాక్టరుతోకూడ కదలునది గావున కాంటాక్టరు సంగతి చెప్పగలదు. ఓవర్‌లోడు రిలేయొక్క 95-96 కాంటాక్టును గూడ మధ్యవర్తి లేకుండ తిన్నగా మోటారు కాంటాక్టరుల కాయిలు దారిలోనే పెట్టిరి. అక్కఱలేని చోట దూతను పెట్టకుండుటయు ఎన్నికలో భాగమే.

అమరిక వివరములు గూడ చెప్పుదుము. మొదట మెయిను తీసి, తాళము వేసి, తాళపుచెవి పనివాడే తన జేబులో నుంచుకొనెను. తరువాత మల్టీమీటరుతో విద్యుత్తు లేదని చూచుకొనెను. కాంటాక్టరులను 35 మిల్లీమీటర్ల డిన్ రైలుమీద నిట్టనిలువుగా తగిలించెను. తీగకొనలకు ఫెర్రూలు నొక్కి, పట్టికలోని బలముతో మాత్రమే మరలు బిగించెను. ప్రతి తీగకును రెండు కొనలయందు నొకే సంఖ్యగల ఉంగరము తొడిగెను. కాయిలు కొనలు ఏ1, ఏ2. 31ఈ పరికరముమీద కాంటాక్టులు 13-14, 21-22, 33-34, 43-44. చివరి యంకెలు 3-4 అయినచో ఎన్ఓ, 1-2 అయినచో ఎన్‌సీ. ఈ యొక్క నియమము తెలిసినవాడు ఏ దేశపు పరికరమునైనను చదువగలడు.

24 వోల్టుల తీగలను 230 వోల్టుల తీగలతో కలుపక వేఱు దారిని నడిపించెను. ఆ 24 వోల్టుల నిచ్చు సప్లై మెయినునుండి రక్షితముగా వేఱుచేయబడినదై యుండవలెను; కాంటాక్టరులోపల కాయిలునకును కాంటాక్టులకును మధ్య అట్టి రక్షణమే యుండవలెను. లేనిచో తొట్టి తీగలోనికి మరల 230 వోల్టులు ప్రవేశింపవచ్చును. పడిన శ్రమయంతయు వ్యర్థమగును. డీసీ కాయిలు విడుచునపుడు దానిలోని శక్తి వందలకొలది వోల్టులుగా ఎగసి ఫ్లోట్ స్విచ్చి ముఖమును కాల్చును గావున కాయిలుకొనలమధ్య డయోడు నొకదానిని, దిక్కు తప్పకుండ, పెట్టెను. దానివలన కాంటాక్టరు విడుచుటకు కొంచె మాలస్యమగును. నీళ్లమోటారునకు దానిచే నష్టములేదు. తుదకు మా ప్రాంతపు శత్రువులను మఱువలేదు. పెట్టెలో వెచ్చదనమునకు బల్లులు చేరును. చీమలు కాంటాక్టుల నడుమ నలిగి వానిని కలియనీయవు. కావున తీగలు వచ్చు ప్రతి రంధ్రమునకును గ్లాండు బిగించి, పనిలేని రంధ్రములను మూసి, వేసవి యెండ తగులకుండ పెట్టెపై రేకు నీడ కట్టించితిమి.

తీగ తెగినచో ఏమగును? ఈ ప్రశ్నను మా శిష్యుడు ప్రతి తీగవద్దను అడిగెను. తొట్టికి నీరు కావలసినపుడు ఫ్లోట్ కాంటాక్టు కలిసి సహాయక కాంటాక్టరును లాగునట్లు కట్టెను. తీగ తెగినను, ఊడినను కాంటాక్టరు విడుచును, మోటారు నిలుచును. నీరు రాకపోవుట కష్టమేగాని అపాయము కాదు. ఏ2 కొనను భూమితో కలిపిన తీగకు తిన్నగా చేర్చి, స్విచ్చులన్నిటిని రెండవ ప్రక్కనే యుంచెను. అందుచే తొట్టితీగ ఒరిసి భూమిని తాకినచో ఫ్యూజు పోవునేగాని కాంటాక్టరు తనంతట లాగదు. బాగుగా నున్నపుడు పనిచేయునట్లు కట్టుట చాలమందికి తెలియును; చెడినపుడు మేలువైపునకు చెడునట్లు కట్టుటయే విద్య.

రెండవ సహాయక కాంటాక్టరు విషయమున మాలో చిన్న వివాదము కలిగెను. కరెంటు పోయి తిరిగి వచ్చినపుడు మోటారు తనంతట తానే బయలుదేరవలెనని వార్డెను గారి కోరిక. తెల్లవాఱుజామున లేచు బాలురకు నీరుండవలెనను ఆమె చింత న్యాయమైనదే. మా శిష్యుడు వినయముతోనే ఒప్పుకొనలేదు. “అమ్మగారూ, కరెంటు లేనపుడే గదా ఎవరైనను మోటారుమీద చేయి వేయుదురు? అది తిరిగి వచ్చునపుడు వారి చేయి అచ్చటనే యుండవచ్చును” అనెను. యంత్రముల విద్యుత్ రక్షణకు సంబంధించిన ఐఈసీ 60204-1 ప్రమాణము గూడ, విద్యుత్తు తిరిగి వచ్చుటచే అపాయము కలుగుచోట యంత్రము తనంతట తాను కదలరాదనియే చెప్పును. మన తెలుగు రైతులకు ఈ సంగతి పరిచితమే. పొలములలో కరెంటు రాగానే మోటారును నడుపు ఆటో స్టార్టరులు ఎన్నో యుండెడివి. తెలంగాణమున 2018 జనవరి 1 మొదలు వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు ప్రారంభించినపుడు, వానిని తీసివేయుడని ప్రభుత్వమే రైతులను కోరెను.

తుదకు వార్డెను గారే సమ్మతించిరి. రెండవ సహాయక కాంటాక్టరును స్టార్టు మీట నొక్కినచో లాగి, తన 13-14 కాంటాక్టు ద్వారా తన్ను తానే నిలుపుకొనునట్లు కట్టిరి. కరెంటు పోయినను, స్టాపు మీట నొక్కినను, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు ఫేజు లేదని చెప్పినను అది విడుచును. మనిషి వచ్చి, చూచి, మరల నొక్కువఱకు లాగదు. కరెంటు పోయిన రాత్రులందు కాపలాదారు నాలుగు గంటలకు లేచి, మోటారు చుట్టు దీపముతో చూచి, మీట నొక్కుచున్నాడు. ఆయన నిద్ర కొంత చెడుచున్నది. ఆ దినములకు మఱునాటి మధ్యాహ్నము ఆయనకు విశ్రాంతి నిచ్చు ఏర్పాటు జరిగినది. భద్రతకు ఎవరో యొకరు వెల చెల్లింపవలసియుండును. ఆ వెల ఒక్కని నెత్తిననే పడకుండ చూచుట మనవంతు.

ఇదంతయు మేము బాలురకు ఎందులకు చెప్పుచున్నాము? మీలో కొందఱు రేపు బియ్యపుమిల్లులలోను, సిమెంటు కార్ఖానాలలోను ఇట్టి పెట్టెలు కట్టుదురు. అచ్చట మోటారులు వందలు, సహాయక కాంటాక్టరులు వేలు ఉండును గాని ప్రశ్నలు ఇవియే. ఆ యంత్రములయొద్ద పనిచేయువారు మీ ముఖము నెన్నడును చూడరు. మీరు బిగించిన మర నమ్మదగినదని నమ్మి చేయి చాపుదురు. తలిదండ్రులకు మా మనవి యొకటి: మీ యింటి మిద్దెమీది ఫ్లోట్ స్విచ్చి తీగలో ఎన్ని వోల్టులున్నవో, దాని తొడుగు పగిలినదో లేదో, తెలిసిన వైరుమానుచే ఈ వేసవిలోనే పరీక్ష చేయింపుడు. బాలురు తామై ముట్టరాదు. శనివారము మధ్యాహ్నములందు మెయిను తీసి తాళము వేసిన తరువాత మా పెట్టె తలుపు తెఱచి చూపుదుము. రాదలచినవారు పలకమీద వ్రాసిన పటమును ముందుగా తమ నోటు పుస్తకములలో వ్రాసికొని, ప్రతి గీతకు ఎదురుగా ‘ఇది తెగినచో ఏమగును?’ అను ప్రశ్నకు జవాబు వ్రాసికొని రావలెను.